మాటల్లో దాగిన లెక్క

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి వేసే దానం కాదు, ఉద్యోగి హక్కు అని చెప్పింది. దాని గురించి చెప్పవలసినవారు నాకంటే ముందే చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని వేరు. "మీరు సాయంత్రాలు సంఘం గదిలో పిల్లలకు లెక్కలు చెబుతున్నారు కదా, అదే పెద్దలకు కూడా ఓ అరగంట చెప్పండి" అన్నారు. పింఛనుదార్ల సభలో బీజగణితమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి. కానీ మనకు ఆఫీసుల నుంచి, బ్యాంకుల నుంచి వచ్చే ప్రతి ఉత్తరమూ ఒక రాత లెక్కే. అందులో కొన్ని అంకెలు ఉంటాయి, కొన్ని ఉండవు. ఆ లేని అంకెలోనే మన డబ్బు ఉంటుంది.

నేను ముప్పై ఆరేళ్ళు ట్రెజరీలో గుమాస్తాగా పనిచేశాను. పెద్ద చదువు లేదు. పాత హెచ్.ఎస్.సి. నాకు వచ్చిన బీజగణితం అంతా ఎనిమిది, తొమ్మిది తరగతులది. ఈ రోజు చెప్పబోయేది కూడా అంతవరకే. వర్గ సమీకరణాల జోలికి పోను, భయపడకండి.

రాత లెక్కలో రెండు పనులున్నాయి. ఒకటి, మాటల్ని సమీకరణంగా మార్చడం. రెండోది, ఆ సమీకరణాన్ని సాధించడం. బడిలో రెండో పనే ఎక్కువ నేర్పుతారు. అది తేలిక గనుక, పరీక్షలో మార్కులు వేయడం సులువు గనుక. మొదటి పని దగ్గరే పిల్లలు ఆగిపోతారు. "తాతగారూ, లెక్క అర్థమైంది, కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంటారు. ఈ మాట వినని రోజు నాకు లేదు.

మొదలుపెట్టడం మనకు తెలిసిన పనే. ఫైలు తెరవగానే ఏం చేసేవాళ్ళం? మొదట "విషయం" అని రాసి, ఆ కాగితం ఏమి అడుగుతోందో ఒక్క ముక్కలో పెట్టేవాళ్ళం. ఆ తర్వాతే సూచికలు, వివరాలు. రాత లెక్కకు కూడా అంతే. చివరి వాక్యం ముందు చదవాలి. ఏది కనుక్కోమన్నారో దానికి ఒక పేరు పెట్టాలి. పిల్లలు ఎక్స్ అంటారు. నేను "య" అంటాను. మొండితనం కాదు, దానికో కారణం ఉంది, చెబుతాను. పేరు పెట్టాక, దాన్ని తెలిసిన అంకెలాగానే నడిపించాలి. తెలియదని పక్కన పెట్టకూడదు.

మన ఇళ్ళలో అమ్మమ్మలు వేసే పాత పొడుపు లెక్క ఒకటి ఉంది. చెట్టు మీద ఒంటరి పక్షి, ఎగిరిపోతున్న గుంపును చూసి "మీరు నూరుమందా?" అని అడిగిందట. "కాదు. మేమూ, మా అంతమందీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, వీటికి నువ్వు కలిస్తే నూరు" అన్నాయట. గుంపులో ఎన్ని?

గుంపు య. ఇక మాటలు ఎలా వస్తున్నాయో అలాగే రాసుకుంటూ పోవడమే. మేము అంటే య. మా అంత అంటే మరో య. సగం అంటే య/2. సగంలో సగం య/4. నువ్వు అంటే 1.

య + య + య/2 + య/4 + 1 = 100

రెండు వైపులా 1 తీసేస్తే కుడివైపు 99. భిన్నాలు పోవడానికి అంతా 4తో గుణిస్తే 4య + 4య + 2య + య = 396. అంటే 11య = 396. య = 36. ఇక్కడితో ఆగకూడదు. 36, 36, 18, 9, 1 కూడి చూడండి. నూరు వచ్చింది. సాయంత్రం నగదు పుస్తకం టాలీ చేయకుండా ట్రెజరీ నుంచి ఇంటికి వెళ్ళేవాళ్ళమా? లెక్క కూడా టాలీ కాకుండా వదలకూడదు. పిల్లలు జవాబు రాగానే వెనక పేజీ చూస్తారు. వెనక పేజీ జీవితంలో ఉండదు.

ఇప్పుడు "ఒక పదాన్ని అటు నుంచి ఇటు మార్చితే గుర్తు మారుతుంది" అని బడిలో చెబుతారు. దీన్నే పక్షాంతరం అంటారు. పక్షం మారితే గుర్తు మారడం మన రాజకీయాల్లో రోజూ చూస్తున్నదే కాబట్టి పిల్లలకు చటుక్కున గుర్తుంటుంది. కానీ ఈ చమత్కారం దగ్గరే ఆగిపోతే నష్టం. నిజానికి ఏదీ దూకి అటు వెళ్ళడం లేదు. తక్కెడలో రెండు పళ్ళేల నుంచీ ఒకే బరువు తీస్తున్నాం, అందుకే ముల్లు కదలడం లేదు. ఆ సంగతి తెలిసిన పిల్లవాడు గుర్తు మరిచిపోయినా మళ్ళీ పుట్టించుకోగలడు.

ఇక "య" సంగతి. భాస్కరాచార్యులు 1150లో లీలావతి రాశారు. బీజగణితం అనే పేరుతోనే ఆయనది మరో గ్రంథం ఉంది. అందులో తెలియని రాశిని "యావత్తావత్" అన్నారు. ఎంతో అంత అని అర్థం. పొడి అక్షరంగా "యా" అని రాసేవారు. తెలియనివి ఒకటి కంటే ఎక్కువైతే కాలక, నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టేవారు. ఎక్స్, వై, జడ్ అనే అలవాటు డెకార్ట్ 1637లో అచ్చు వేసిన పుస్తకంతో వచ్చింది. మనం గీసే ఈ రెండు సమాన గీతలు కూడా అంత పాతవి కావు. ఇంగ్లండులో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన 1557లో, ఊరికే "సమానం, సమానం" అని రాయలేక విసిగిపోయి, ఒకే పొడవున్న రెండు గీతల కంటే సమానమైనవి ఇంకేమున్నాయని వాటిని పెట్టాడు. గుమాస్తా బుద్ధి అంటే అది. పొట్టి అక్షరాలు కనిపెట్టేది ఎక్కువ రాయవలసినవాడే.

మన తెలుగులో కూడా ఈ పని ఆలస్యంగా మొదలు కాలేదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లనను పదకొండో శతాబ్దివాడని, రాజరాజనరేంద్రుని కాలంవాడని చెబుతారు. అంటే మన భాషలో కావ్యమూ లెక్కలూ దాదాపు కలిసే పుట్టాయి. ఈ మాట ఇంట్లో తెలుగు మాధ్యమం, ఇంగ్లీషు మాధ్యమం అని వాదించుకునేవారికి అప్పుడప్పుడు చెబుతుంటాను. వినరు, అది వేరే సంగతి.

లీలావతిలో తామరపూల లెక్క ఒకటి ఉంది. ఒకాయన దగ్గరున్న పూలలో మూడో వంతు శివుడికి, ఐదో వంతు విష్ణువుకు, ఆరో వంతు సూర్యుడికి, నాలుగో వంతు అమ్మవారికి పెట్టి, మిగిలిన ఆరు పూలూ గురువు పాదాల దగ్గర ఉంచాడు. మొత్తం ఎన్ని? పిల్లలైతే య పెట్టి చేస్తారు. మా నాన్నగారు కాగితం లేకుండా చేసేవారు. "అరవై అనుకో" అనేవారు. అరవైలో మూడో వంతు 20, ఐదో వంతు 12, ఆరో వంతు 10, నాలుగో వంతు 15. మొత్తం 57. మిగిలినవి 3. లెక్కలో మిగిలినవి 6. రెట్టింపు. కాబట్టి అరవైకి రెట్టింపు 120. అయిపోయింది. దీన్ని లీలావతిలో ఇష్టకర్మ అంటారు. ఇష్టమైన సంఖ్యను అనుకుని, తేడాను బట్టి దిద్దుకోవడం.

పక్షుల లెక్కను కూడా ఇలాగే చేయవచ్చు. కాకపోతే ఆ ఒంటి పక్షిని ముందు పక్కకు తీసేయాలి. 99 మిగులుతుంది. గుంపు 4 అనుకుంటే 4, 4, 2, 1 కలిపి 11. 99లో 11 తొమ్మిది సార్లు. నాలుగు తొమ్మిదులు 36. పిల్లలు ఇది చూసి "మరి ఎక్స్ ఎందుకు?" అంటారు. మంచి ప్రశ్న. ఒంటి పక్షిని ముందుగా తీయాలని గుర్తుపట్టడానికి అనుభవం కావాలి. సమీకరణం రాసుకుంటే అది తానుగా చూపిస్తుంది. అనుభవం లేనివాడికి చేతికర్ర అది. ఉన్నవాడికి సాక్షి. కాబట్టి ఇంట్లో తాత చేసే పద్ధతి, మనవరాలు చేసే పద్ధతి వేరువేరని దెబ్బలాడుకోనక్కరలేదు.

పిల్లలు ఎక్కడ పడిపోతారో రెండు చోట్లు చెబుతాను. తల్లిదండ్రులు గమనించాలి.

మొదటిది వయసుల లెక్క. తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లు. పన్నెండేళ్ళ తర్వాత రెండు రెట్లే అవుతుంది. ఇప్పుడు వయసులెంత? మా దగ్గరకు వచ్చే ఒక పాప 3య + 12 = 2య అని రాసింది. దాన్ని తప్పులేకుండా సాధించింది కూడా. య = -12 వచ్చింది. పుట్టడానికి ఇంకా పన్నెండేళ్ళు ఉన్న కొడుకు! పాప నోరు తెరుచుకుని చూసింది. కొట్టేయబోతే నేను ఆపాను. "కొట్టేయకు, అది నీకు ఏదో చెబుతోంది" అన్నాను. కాసేపు చూసి, "తాతగారూ, నాన్నకు పన్నెండేళ్ళు కలిపాను, కొడుక్కి కలపలేదు" అంది. 3య + 12 = 2(య + 12). అప్పుడు య = 12. కొడుక్కి 12, తండ్రికి 36. పన్నెండేళ్ళకు 24, 48. ఆ పాపకు లెక్కలంటే వణుకని, వచ్చే ఏడు ఎలా నెట్టుకొస్తుందోనని ఇంట్లోవాళ్ళు బెంగపెట్టుకుని పంపారు. తన తప్పు తానే పట్టుకున్న ఆ సాయంత్రం నుంచి ఆ వణుకు తగ్గింది. పోయిందని అనను. తగ్గింది.

రెండోది ఇంకా చిత్రమైనది. ఒక కళాశాలలో ప్రతి ఒక్క అధ్యాపకుడికీ ఆరుగురు విద్యార్థులున్నారు. విద్యార్థుల సంఖ్య వి, అధ్యాపకుల సంఖ్య అ అయితే సమీకరణం రాయండి. చాలామంది 6వి = అ అని రాస్తారు. మాటల వరసలో "ఆరుగురు విద్యార్థులు" అని వచ్చింది గనుక ఆరు పక్కన వి పెట్టేస్తారు. దాని అర్థం చూడండి. విద్యార్థుల్ని ఆరు రెట్లు చేస్తే గాని అధ్యాపకులంత కారు! సరైనది వి = 6అ. ఇది మన పిల్లలే చేసే తప్పు కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఇంజనీరింగు విద్యార్థులకే ఇచ్చి చూస్తే మూడింట ఒక వంతుకు పైగా తప్పు రాశారు. కారణం ఒకటే. వి అంటే విద్యార్థి అనుకోవడం. వి అంటే విద్యార్థి కాదు, విద్యార్థుల సంఖ్య. రిజిస్టరులో గడి పైన "సంఖ్య" అని ఉందా, "రూపాయలు" అని ఉందా, "నెలలు" అని ఉందా అని చూడకుండా అంకె వేసేవాళ్ళమా? అందుకే పిల్లలచేత మొదటి పంక్తిలో "గుంపులోని పక్షుల సంఖ్య = య అనుకొనుము" అని పూర్తిగా రాయిస్తాను. ఉత్త "పక్షులు = య" అని రాస్తే ఒప్పుకోను. ఛాదస్తమంటారు. కానివ్వండి.

ఇప్పుడు పెద్దల లెక్కలకు వస్తాను.

నాలుగైదేళ్ళ కిందట మా పాత సహోద్యోగి భార్య ఒక ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆయన నాకంటే చిన్నవాడు, సర్వీసులో ఉండగానే పోయాడు. ఆవిడకు కుటుంబ పింఛను వస్తోంది. కుటుంబ పింఛనుకు రెండు రేట్లున్నాయని మీకు తెలుసు. మొదట కొంత కాలం పెంచిన రేటు, అంటే చివరి జీతంలో సగం. గడువు తీరాక మామూలు రేటు, అంటే 30 శాతం. గడువు తీరినా ఆవిడకు పెంచిన రేటే పడుతూ వచ్చింది. దాన్ని ఆపి, ఆ చెల్లించే కార్యాలయంవారు ఉత్తరం రాశారు. "అధికంగా చెల్లించిన 72,000 రూపాయలు నెలకు 3,000 చొప్పున 24 వాయిదాల్లో మినహాయించబడును." అంతే. ఏ నెల నుంచి ఏ నెల వరకు అన్న మాట లేదు.

"అన్నయ్యగారూ, నేను ఎక్కువ తిన్నానంటున్నారు. తినే ఉంటాను. కట్టేస్తాను. కానీ నెలకు మూడు వేలు పోతే మందులకు ఇబ్బంది" అంది. పావు వంతు కన్నీళ్ళు, ముప్పావు వంతు అవమానం. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ప్రభుత్వం నుంచి "అధికం" అనే మాట వస్తే దొంగతనం చేసినట్టు కుంగిపోతారు.

"కట్టేది తర్వాత చూద్దాం, కూర్చో అమ్మా" అని ఆవిడ పింఛను ఉత్తర్వు అడిగి తీసుకున్నాను. చివరి జీతం 20,000. సగం 10,000. ముప్పై శాతం 6,000. తేడా 4,000. దాని మీద అప్పటి కరువు భత్యం 20 శాతం, 800. నెలకు అధికం 4,800. ఆ కాలమంతా కరువు భత్యం మారలేదు గనుక మా పని తేలికైంది. మారి ఉంటే ముక్కలు ముక్కలుగా కట్టవలసి వచ్చేది. ఉత్తరంలో లేనిది నెలల సంఖ్య. అదే మన య.

4,800య = 72,000

య = 15. వాళ్ళు 15 నెలలు లెక్క కట్టారన్నమాట. ఇప్పుడు ఉత్తర్వు చూశాను. పెంచిన రేటు జూన్ 30 వరకు అని తేదీతో సహా రాసి ఉంది. పాస్ పుస్తకం ప్రకారం ఎక్కువ రేటు పడిన ఆఖరి నెల మరుసటి మార్చి. జూలై నుంచి మార్చి వరకు వేళ్ళ మీద లెక్కపెట్టండి. తొమ్మిది. మరి పదిహేను ఎక్కడిది? మార్చి నుంచి వెనక్కి పదిహేను నెలలు పోతే జనవరికి చేరుతుంది. ఎవరో గడువును జూన్ నెలాఖరుకు బదులు ఆ ఏడాది మొదటికి వేసుకున్నారు. ఆరు నెలలు ఎక్కువ. ఆరు నాలుగు వేల ఎనిమిది వందలు 28,800. నిజంగా రావలసింది 43,200 మాత్రమే.

అర్జీలో "య" అని రాయలేదు లెండి. నెలసరి తేడా ఇంత, మీరు కోరిన మొత్తం 15 నెలలకు సరిపోతున్నది, ఉత్తర్వు ప్రకారం అయినవి 9 నెలలు, కాబట్టి ఏ తేదీ నుంచి లెక్కించారో తెలియజేయగోరుచున్నాను అని రాయించాను. ఉత్తర్వు నకలు, పాస్ పుస్తకం నకలు జతపరిచాము. నిందావాక్యం ఒక్కటీ లేదు. రెండు నెలలకు సవరించిన ఉత్తరం వచ్చింది. 43,200. ఆవిడ కోరిక మీద వాయిదా కూడా తగ్గించారు. అసలు ఇలాంటి వసూలు చెల్లుతుందా అన్నది న్యాయవాదులు చెప్పవలసిన విషయం. రిటైరైనవారి నుంచి వసూళ్ళ గురించి 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు రఫీక్ మసీ కేసులో ఇచ్చిన తీర్పు ఉంది. కావలసినవారు మన న్యాయ సలహాదారు గారిని అడగండి. ఆవిడ మాత్రం "నాది కానిది నాకొద్దు, నాది మాత్రం పోకూడదు" అంది. ఆ గీత ఎక్కడుందో చూపించింది ఆ చిన్న సమీకరణమే.

ఇలాంటి ఉత్తరం వస్తే మీరందరూ అడగవలసింది ఇదే. మొత్తం ఇచ్చారు, నెలసరి రేటు మనకు తెలుసు, కాబట్టి నెలలెన్ని? లేదా నెలలు ఇచ్చారు, మొత్తం ఇచ్చారు, కాబట్టి రేటెంత? మూడింట్లో రెండు తెలిస్తే మూడోది దాగలేదు.

కమ్యుటేషన్ సంగతి అడగమని వెనక వరుస మిత్రుడు సైగ చేస్తున్నారు. చెబుతాను, కానీ జాగ్రత్తగా వినండి. కేంద్ర ప్రభుత్వ పట్టిక ప్రకారం అరవై ఏళ్ళకు రిటైరైనవారికి, అంటే వచ్చే పుట్టినరోజుకు 61 నిండేవారికి, గుణకం 8.194. నెలకు వదులుకున్న పింఛను భాగం క అనుకుందాం. చేతికి వచ్చే మొత్తం క × 12 × 8.194. నెలకు క చొప్పున కోత పడుతూ ఉంటే ఎన్ని నెలలకు ఆ మొత్తం తీరుతుంది?

క × య = క × 98.328

చూడండి, రెండు వైపులా క ఉంది. తీసేయండి. య = 98 నెలల పైచిలుకు. ఎనిమిదేళ్ళ రెండు నెలలు. క పోయింది అంటే అర్థమేమిటి? అటెండరుకైనా, పెద్ద అధికారికైనా ఒకటే. నాకు ఈ మెట్టు చాలా ఇష్టం. ఇంత పెద్ద తేడాలున్న ఉద్యోగాల్లో అందరికీ సమానమైన అంకె ఒకటి బయటపడింది.

కానీ ఈ 98ని పట్టుకుని సభల్లో బల్ల గుద్దేవారితో నేను ఏకీభవించను. ఇందులో వడ్డీ లేదు. ఒకేసారి ముందుగా తీసుకున్న సొమ్ముకు వడ్డీ ఉంటుంది. మధ్యలో పోయినవారి నుంచి తిరిగి రాబట్టరు, ఆ భారమూ పట్టికలో కలిసి ఉంటుంది. పూర్తి పింఛను 15 ఏళ్ళకు పునరుద్ధరించాలని 1986లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఇవి దృష్టిలో పెట్టుకునే చెప్పింది. వడ్డీ రేట్లు మారాయి గనుక 15 తగ్గించాలని మనం అడగవచ్చు. అడగాలి కూడా. అడిగేటప్పుడు వడ్డీ కలిపిన లెక్కతో వెళ్ళాలి. అవతలివారి దగ్గర లెక్క తెలిసినవారు ఉంటారు. వడ్డీ లేని లెక్క తీసుకెళితే మొదటి నిమిషంలోనే మన మాట తేలిపోతుంది.

శాతాల గురించి ఒక్క మాట. మరమ్మతు బిల్లు 18 శాతం పన్నుతో కలిపి 2,950 అయింది. అసలు ధర ఎంత? చాలామంది 2,950లో 18 శాతం తీసేసి 2,419 అంటారు. పన్ను వేసింది అసలు మీద, మొత్తం మీద కాదు. 1.18య = 2,950. య = 2,500. తేడా 81 రూపాయలు. 81 రూపాయలే కదా అనకండి. ఇదే తీరు తప్పు ఇంటి అమ్మకంలో చేస్తే లక్షల్లోకి పోతుంది.

ఇంటి మాట వచ్చింది గనుక వీలునామాల గురించి కూడా చెప్పాలి. పదిహేడు ఆవుల కథ మీకందరికీ తెలుసు. తండ్రి పోతూ పెద్దవాడికి సగం, రెండోవాడికి మూడో వంతు, మూడోవాడికి తొమ్మిదో వంతు అని చెప్పాడు. పదిహేడును సగం చేయలేక కొట్టుకుంటుంటే, ఒక పెద్దమనిషి తన ఆవును తెచ్చి కలిపి పద్దెనిమిది చేశాడు. 9, 6, 2 పంచాడు. మొత్తం 17. తన ఆవును తాను తోలుకుపోయాడు. అందరూ ఆ పెద్దమనిషి తెలివిని మెచ్చుకుంటారు. నేను గుమాస్తాను గనుక తండ్రి వీలునామాను చూస్తాను. సగం, మూడో వంతు, తొమ్మిదో వంతు కూడితే 17/18 వస్తుంది, ఒకటి రాదు. పద్దెనిమిదో వంతు ఎవరికీ రాయకుండా వదిలేశాడు! ఆ మిగులు కూడా అదే నిష్పత్తిలో ముగ్గురికీ చేరింది కాబట్టే పెద్దవాడికి ఎనిమిదిన్నరకు బదులు 9 వచ్చాయి. ముగ్గురికీ కాస్త ఎక్కువే రావడంతో గొడవ లేకుండా పోయింది.

తక్కువైతే పెద్దమనిషి దొరుకుతాడు. ఎక్కువైతే ఎవరూ దొరకరు. ఒక మిత్రుడు తన వీలునామా చిత్తుప్రతి నాకు చూపించారు. స్థలం అమ్మితే వచ్చే సొమ్ములో పెద్దకొడుక్కి సగం, కూతురికి మూడో వంతు, చిన్నకొడుక్కి నాలుగో వంతు. కూడి చూస్తే 6/12, 4/12, 3/12, మొత్తం 13/12. ఆ స్థలం 26 లక్షలు పలుకుతుందనుకున్నారు. వీలునామా ప్రకారం పంచాలంటే 28 లక్షల పైన కావాలి. రెండు లక్షల పైచిలుకు ఎవరిది కోస్తారు? ఆయన లేని రోజున ముగ్గురు పిల్లలూ ఒక్కొక్కరు ఒక్కో కాగితం పట్టుకుని "నాన్న నాకింత రాశాడు" అంటారు. ముగ్గురూ నిజమే చెబుతారు.

ఆయన మనసులో ఉన్నది ఆ నిష్పత్తే. 6, 4, 3. కాబట్టి ఒక్కో భాగం య అనుకుంటే 6య + 4య + 3య = 26 లక్షలు. 13య = 26. య = 2 లక్షలు. పెద్దకొడుక్కి 12, కూతురికి 8, చిన్నకొడుక్కి 6. "సొమ్మును పదమూడు భాగాలు చేసి" అని రాయించుకోమన్నాను. స్థలం ధర పెరిగినా తగ్గినా ఇక ఇబ్బంది లేదు. మీలో వీలునామా రాసినవారు, రాయదలచినవారు ఈ రాత్రి ఇంటికి వెళ్ళి వాటాలు ఒకసారి కూడండి. ఒకటి రావాలి. ఒకటికి తక్కువ రాకూడదు, ఎక్కువ రాకూడదు.

అధ్యక్షులవారు గడియారం వంక చూస్తున్నారు. పిల్లలకు ఒక లెక్క ఇచ్చి ముగిస్తాను, పెద్దలు చెప్పకూడదు. ఒక కొలనులో కొన్ని పూలున్నాయి, కొన్ని తుమ్మెదలు వచ్చాయి. పువ్వుకు ఒక్కటి చొప్పున వాలితే ఒక తుమ్మెదకు పువ్వు లేదు. పువ్వుకు రెండు చొప్పున వాలితే ఒక పువ్వుకు తుమ్మెద లేదు. పూలెన్ని, తుమ్మెదలెన్ని? నోటితో చెప్పేస్తే చాలదు. మొదటి పంక్తిలో దేని సంఖ్య య అనుకున్నారో పూర్తిగా రాసి, టీ అయ్యేలోపు కాగితం నాకు తెచ్చి చూపించండి. బిస్కట్ల పొట్లాలు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో ఆయన లెక్కపెట్టుకునే వచ్చారు.